కార్నియా పలుచగా ఉంటే పీఆర్‌కే, లాసెక్, ట్రాన్స్-పీఆర్‌కేలలో దేనికి వెళ్లాలి?

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. నాది ఒడిశాలో గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. వయసు ఇరవై ఏడు. ఒక రైసుమిల్లులో లెక్కలు చూస్తుంటాను. ఎనిమిదో తరగతి నుంచి కళ్లజోడు వాడుతున్నాను. ప్రస్తుతం కుడికంటికి మైనస్ 5.50, ఎడమకంటికి మైనస్ 5.00తో పాటు 0.75 సిలిండర్ ఉన్నాయి. రెండేళ్లుగా ఈ అంకెలు మారలేదు. మిల్లులో తవుడు, ఊక ధూళి ఎప్పుడూ గాలిలోనే ఉంటాయి కనుక కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని చూశాను గానీ నెల తిరక్కుండానే కళ్లు ఎర్రబడి మానుకోవలసి వచ్చింది.

గత నెల విశాఖపట్నం వెళ్లి ఒక ఆసుపత్రిలో లేజర్ కోసం పరీక్షలు చేయించుకున్నాను. కార్నియా, అంటే కంటి ముందరి పారదర్శక పొర, మందం కుడికంటికి 478, ఎడమకంటికి 481 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉందని, అందువల్ల కార్నియాలో మూత కోసి చేసే లాసిక్ తమకు ఇష్టం లేదని, మూత కోయకుండా పైనుంచే చేసే సర్ఫేస్ పద్ధతిలోనే చేస్తామని డాక్టరు గారు చెప్పారు. అంతవరకు అర్థమైంది. ఆ తరువాత కౌన్సెలింగ్ గదిలో ఒక కాగితం మీద పీఆర్‌కే, లాసెక్, ట్రాన్స్-పీఆర్‌కే అని మూడు పేర్లు రాసి, వాటి ఎదురుగా మూడు ధరలు వేసి, మీరే ఆలోచించుకుని చెప్పండన్నారు. మొదటిదానికి, చివరిదానికి మధ్య తేడా నా నెల జీతాన్ని మించిపోయింది. చివరిది కత్తి, బ్రష్ ఏవీ తగలకుండా చేసేదని, కనుక మేలైనదని అక్కడి అమ్మాయి అన్నారు. మా బావగారేమో స్మైల్ అనే కొత్త లేజర్ పద్ధతి వచ్చాక ఇవన్నీ పాతబడిపోయాయంటున్నారు.

ఈ మూడింటిలో నిజంగా తేడా ఏమిటో, ఆ తేడా అంత డబ్బుకు తగినదో కాదో తెలిసినవారు చెప్పగలరు. ఇంకొక మాట. మా ఊరి నుంచి విశాఖకు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి గానీ చేరలేము. ఆపరేషన్ తరువాత ఎన్నాళ్లు అక్కడ ఉండవలసి వస్తుందో కూడా తెలిస్తే మిల్లులో సెలవు అడుగుతాను.

గంజాం కళ్లద్దాలు, బరంపురం

నేను బరంపురంలో ఆప్టోమెట్రిస్టుగా, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసే పని చేస్తున్నాను. శస్త్రచికిత్స చేసే డాక్టరును కాను. కనుక నేను చెప్పేదాన్ని మీ డాక్టరు గారిని అడగవలసిన ప్రశ్నలుగా తీసుకోండి.

ముందుగా ఆ మూడు పేర్ల సంగతి. హ్రస్వదృష్టి ఉన్న కంటిలో దూరపు వస్తువుల బింబం కంటి వెనుక తెర అయిన రెటీనాకు ముందే ఏర్పడుతుంది. కార్నియా మధ్య భాగాన్ని కొద్దిగా చదును చేస్తే ఆ బింబం వెనక్కి జరిగి రెటీనా మీద పడుతుంది. ఈ చదును చేసే పని మూడు పద్ధతులలోనూ ఒకే లేజర్ చేస్తుంది. దాన్ని ఎక్సైమర్ లేజర్ అంటారు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం అది. ఒక్కొక్క స్పందనకు మైక్రానులో నాలుగో వంతు మందాన్ని, చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చకుండా తీసివేస్తుంది. కార్నియా పైన దాదాపు 50 మైక్రాన్ల ఎపితీలియం అనే పై పొర ఉంటుంది. లేజర్ పని దాని కింద జరగాలి కనుక ముందు ఆ పొరను పక్కకు తప్పించాలి. మీ కాగితం మీది మూడు పేర్లకూ తేడా అంతా ఆ పొరను ఎలా తప్పిస్తారన్న దగ్గరే ఉంది.

పీఆర్‌కేలో దాన్ని చిన్న బ్రష్‌తోనో, మొద్దు పరికరంతోనో, లేదా కాసేపు పలుచని ఆల్కహాలు వేసి వదులు చేసో గీకి తీసేస్తారు. లాసెక్‌లో 20 శాతం ఆల్కహాలును ఇరవై, ముప్ఫై సెకన్లు ఉంచి ఆ పొరను చినగకుండా ఒక రేకులా పక్కకు మడిచి, లేజర్ అయిన తరువాత మళ్లీ కప్పుతారు. ఇటలీకి చెందిన కామెలిన్ 1999 ప్రాంతంలో దీనికి ఈ పేరు పెట్టారు. గ్రీసుకు చెందిన పల్లికారిస్ 2003లో తెచ్చిన ఎపి-లాసిక్‌లో ఆల్కహాలు బదులు ఒక మొద్దు అంచు యంత్రం అదే పని చేస్తుంది. ఇప్పుడు దాని పేరు తక్కువగా వినిపిస్తోంది. ట్రాన్స్-పీఆర్‌కేలో పై పొరను కూడా లేజరే తీసివేస్తుంది. కత్తి, బ్రష్ తగలవు అన్నది అందువల్లే.

తరువాత మానవలసిన గాయం మాత్రం నాలుగింటిలోనూ ఒకటే. ఏడెనిమిది మిల్లీమీటర్ల మేర పై పొర లేని కార్నియా మీద కొత్త పొర అంచుల నుంచి మధ్యకు పాకాలి. దానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. లాసెక్‌లో తిరిగి కప్పిన రేకు కట్టులాగా పనిచేసి నొప్పిని తగ్గిస్తుందని మొదట్లో ఆశించారు. కానీ ఆల్కహాలు తగిలిన కణాలు చాలావరకు బతకవు, కింద నుంచి కొత్తవి వచ్చి వాటిని నెట్టివేస్తాయి. పీఆర్‌కేనూ లాసెక్‌నూ పోల్చిన అధ్యయనాలలో చివరికి దక్కే చూపులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ట్రాన్స్-పీఆర్‌కేకు ఒక సౌకర్యం ఉంది. కావలసినంత మేరకే పొర పోతుంది కనుక గాయం కొంచెం చిన్నది, సమయం కూడా తక్కువ. అయితే ఒకే దశలో చేసే యంత్రాలలో కొన్ని ఎపితీలియం మందం మధ్యలో 55, అంచుల వైపు 65 మైక్రాన్లు ఉంటుందన్న ఒక సగటు లెక్కతో నడుస్తాయి. మీ కంటి పొర ఆ సగటుకు దూరంగా ఉంటే ఆ మేరకు ఫలితం కూడా కొద్దిగా పక్కకు జరుగుతుంది. పొర మందాన్ని ముందే కొలిచారా అని అడగండి. నా అభిప్రాయమైతే, నెల జీతమంత తేడా పెట్టడానికి తగిన తేడా కాదిది. ఆ డబ్బును విశాఖలో వారం రోజులు ఉండడానికి ఖర్చు చేయడం మేలు.

ఒక చిన్న ముచ్చట. ఈ లేజర్ జీవకణజాలాన్ని కాల్చకుండా కోయగలదని 1981లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో కనుగొన్న ముగ్గురిలో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ గారు ఒకరు. పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం మీద మొదట దాన్ని ప్రయోగించి చూశారట. 1983లో ఆయన, కంటివైద్యుడు ట్రోకెల్ కలిసి దీన్ని కార్నియాకు వాడవచ్చని ప్రకటించారు. అలా వచ్చిన మొదటి పద్ధతి పీఆర్‌కేయే, లాసిక్ దాని తరువాతిది. కనుక కాగితంలో మొదటి వరుసలో తక్కువ ధరకు ఉన్నంత మాత్రాన దాన్ని నాసిరకం అనుకోకండి.

మజ్జిగౌరమ్మ గుడి వీధి, రాయగడ

పద్ధతుల గురించి పై వారు చెప్పారు కనుక, అది చేయించుకున్న మనిషికి ఎలా ఉంటుందో నేను చెబుతాను. మూడేళ్ల క్రితం రెండు కళ్లకూ ఒకే రోజు పీఆర్‌కే చేయించుకున్నాను. నాది మైనస్ నాలుగు.

బల్ల మీద ఉన్నంతసేపూ ఏ నొప్పీ లేదు, ఒక్కొక్క కంటికి లేజర్ వెలుగు నిమిషం కూడా లేదు. పైన బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్సు పెట్టి పంపారు. ఆ సాయంత్రానికి మొదలైంది. కళ్లలో కారం పడ్డట్టు మంట, ధారగా నీళ్లు, ఫోను వెలుగు కూడా భరించలేని స్థితి. రెండు రాత్రులు సరిగా నిద్ర లేదు. మూడోనాటికి సగం తగ్గింది, అయిదోనాడు లెన్సు తీసేశారు.

నేను చేసిన మొదటి తప్పు, మరునాడే రైలెక్కి రాయగడ వచ్చేయడం. కిటికీ పక్క సీటు, ఎండ, గాలి. బొబ్బిలి దాటేసరికి తువ్వాలు ముఖాన కప్పుకుని కూర్చున్నాను. లెన్సు తీయించుకోవడానికి మళ్లీ అంత దూరమూ వెళ్లవలసి వచ్చింది. అందుకే చెబుతున్నాను, లెన్సు తీసేదాకా అక్కడే ఉండండి.

రెండవది ఇంకా పెద్దది. ఆపరేషన్‌కు ముందు వేసిన మొద్దుబారే చుక్కలు ఎంత సుఖంగా ఉన్నాయో గుర్తుపెట్టుకుని, నొప్పి ఆగక, మందుల దుకాణంలో పనిచేసే మా పినతండ్రి కొడుకును అవే తెమ్మన్నాను. వాడు పాపం తెచ్చి ఇచ్చాడు. రెండుసార్లు వేసుకున్నాక అనుమానం వచ్చి డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన నన్ను కేకలేసినంత పని చేశారు. ఆ చుక్కలు పదేపదే వేస్తే కొత్త పొర పాకడం ఆగిపోతుందట, కార్నియా కరిగిపోయే ప్రమాదం కూడా ఉందట. నొప్పికి వారు రాసిన మాత్రలు, చల్లని గుడ్డ, చీకటి గది తప్ప వేరే దారి లేదు.

చూపు సంగతి. మొదటి వారం అంతా మసకే. రెండో వారానికి బండి నడిపే ధైర్యం వచ్చింది. దూరంగా ఉన్న బస్సు బోర్డు మీది ఒడియా అక్షరాలు తేటగా కనబడడానికి నెలన్నర పట్టింది. రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీల దీపాల చుట్టూ వలయాలు నాలుగైదు నెలలు ఉండి పోయాయి. లాసిక్ చేయించుకున్న మా స్నేహితుడు మరునాడే ఆఫీసుకు వెళ్లాడని పోల్చుకుని నేను అనవసరంగా బెంగపడ్డాను.

స్టెరాయిడ్ చుక్కల విషయంలో జాగ్రత్త. వారు రాసింది నెలకోసారి తగ్గించుకుంటూ మూడు నెలలు. నేను కంటికి హాయిగా ఉందని అయిదు నెలలు వేశాను. తరువాత చూపించుకుంటే కంటిలో ఒత్తిడి 26కు చేరింది. ఆపగానే దిగింది కాబట్టి సరిపోయింది.

జయపురం టీచరు

నేను కోరాపుట్ జిల్లా జయపురంలో బడిలో పాఠాలు చెబుతాను. నా అనుభవం ఆపరేషన్ చేయించుకోకపోవడం గురించి. అయినా ఈ ప్రశ్నకు సంబంధించినదే కనుక రాస్తున్నాను.

పేరు చెప్పదలచుకోని ఒక చోట, నా కళ్లజోడు పవర్, కార్నియా మందం మాత్రమే చూసి, కొంచెం పలుచగా ఉంది గనుక సర్ఫేస్ పద్ధతిలో నిక్షేపంగా చేయవచ్చునన్నారు. తేదీ కూడా ఇచ్చారు. మా వదినగారి పట్టుదల మీద మరొక చోట చూపించుకున్నాను. అక్కడ కార్నియా ఆకారాన్ని ముందు వెనుక రెండు వైపులా పటం తీసే టోపోగ్రఫీ చేసి, ఎడమకంటి కింది భాగం అసమానంగా ఉబికి ఉందని, ఇది కెరటోకోనస్, అంటే కార్నియా పలుచబడి ముందుకు ఉబికే జబ్బు, తొలి దశ అని చెప్పారు. ఆ కంటి మీద లేజర్‌తో ఇంకొంత కోసి ఉంటే ఉబ్బు పెరిగిపోయేదట. నాకు చిన్నప్పటి నుంచి ఎలర్జీ, కళ్లు నులుముకునే అలవాటు ఉన్నాయి. అదీ ఒక కారణమన్నారు. తరువాత రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పట్టే క్రాస్‌లింకింగ్ చేశారు. అది ఉబ్బు పెరగకుండా ఆపడానికే గానీ కళ్లజోడు తీసేయడానికి కాదు. నేను ఈనాటికీ జోడుతోనే పాఠాలు చెబుతున్నాను.

ఇందువల్ల నేననేది ఏమిటంటే, కార్నియా పలుచగా ఉంటే సర్ఫేస్ సురక్షితం అన్న మాట ఆకారం సక్రమంగా ఉన్న కార్నియాకు మాత్రమే వర్తిస్తుంది. పలుచగా ఎందుకు ఉందో ముందు తేలాలి. మీ కాగితాలలో రంగురంగుల పటం ఉందా, లేక మందం అంకె ఒక్కటేనా? పరీక్షకు ముందు కాంటాక్ట్ లెన్సులు ఎన్నాళ్లు మానారు? మెత్తని లెన్సులైనా ఒకటి రెండు వారాలు మానకపోతే పటం తప్పుగా వస్తుంది.

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

ముగ్గురికీ కృతజ్ఞతలు. లెన్సులు మాని ఏడాదిన్నర అయింది. రంగు పటాలు నాలుగు పేజీలు ఇచ్చారు. కింద ఆంగ్లంలో అనుమానించదగిన లక్షణాలు లేవని రాసి ఉంది.

బరంపురం వారికి రెండు సందేహాలు. 478 మైక్రాన్లకు లాసిక్ ఎందుకు కుదరదో, సర్ఫేస్ ఎందుకు కుదురుతుందో లెక్కగా చెప్పగలరా? నేను లెక్కల మనిషిని, అంకె చూస్తే గానీ నిద్ర పట్టదు. రెండవది మా బావగారి స్మైల్. దానిలో నొప్పి ఉండదంటున్నారు.

గంజాం కళ్లద్దాలు, బరంపురం

లెక్క సులువే. లేజర్ తీసే లోతు సుమారుగా తెలియాలంటే, చికిత్స చేసే వృత్తం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి, మూడుతో భాగించి, పవర్‌తో గుణించాలి. దీన్ని మనర్లిన్ సూత్రం అంటారు. 6.5 మిల్లీమీటర్ల వృత్తానికి ఒక్కొక్క డయాప్టరుకు, అంటే ఒక్కొక్క అంకె పవర్‌కు, 14 మైక్రాన్లు వస్తుంది. మీ కుడికంటి 5.50కి సుమారు 77 మైక్రాన్లు. యంత్రాన్ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది.

లాసిక్‌లో ముందుగా 110 మైక్రాన్ల మందంతో ఒక మూత కోస్తారనుకుందాం. ఆ మూత తిరిగి మూసినా కార్నియా బలానికి పెద్దగా తోడ్పడదు. కనుక 478లో 110, 77 తీసివేస్తే అడుగున మిగిలేది 291. కనీసం 250 ఉండాలన్నది పాత గీత. ఇప్పుడు చాలామంది వైద్యులు 300కు తగ్గనివ్వరు. మరొక కొలత ఏమిటంటే, మూత, కోత కలిపి మొత్తం మందంలో 40 శాతానికి చేరకూడదు. మీకు 187 మైక్రాన్లు, అంటే 39 శాతం. గీత మీద నిలబడ్డట్టే. సర్ఫేస్‌లో మూత లేదు, పోయేది 50 మైక్రాన్ల పై పొర, అదీ తిరిగి పెరుగుతుంది. 478లో 50, 77 పోతే 351 మిగులుతుంది. మీ డాక్టరు గారు లాసిక్ వద్దనడంలో న్యాయం ఉంది. వద్దని చెప్పినందుకే నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

స్మైల్ కొత్తదే, మంచిదే. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. కార్నియా లోపల పలుచని బిళ్ల ఒకటి చెక్కి, చిన్న గాటు గుండా బయటకు లాగుతారు. పై పొర దాదాపు చెక్కుచెదరదు గనుక మంట తక్కువన్న మాట నిజమే. అయితే బిళ్ల పైన 120 మైక్రాన్ల దాకా కప్పు ఉంచాలి, బిళ్ల అంచు కూడా కొంత మందంగా ఉండాలి కనుక తీసే మొత్తం పెరుగుతుంది. పై భాగపు పోగులు చాలావరకు తెగకుండా నిలుస్తాయి గనుక బలం ఎక్కువ మిగులుతుందని దాన్ని సమర్థించేవారు అంటారు. ఆ వాదనలో పస ఉంది. అయినా 478 ఉన్న కంటికి అడుగున మిగిలేది లాసిక్ కంటే కూడా తక్కువే అవుతుంది. బావగారి కళ్లు 550 ఉన్నాయేమో అడగండి.

మీరు అడగని రెండు విషయాలు కూడా చెప్పాలి. మీ పవర్‌కు లోతు కొంచెం ఎక్కువే కనుక, మానే సమయంలో కార్నియాలో తెల్లని మసక కమ్మే అవకాశం ఉంది. దీన్ని హేజ్ అంటారు. ఇది రాకుండా లేజర్ అయిన వెంటనే 0.02 శాతం మైటోమైసిన్-సి మందును కొద్ది సెకన్ల నుంచి రెండు నిమిషాల దాకా అద్ది కడిగేస్తారు. మీకు వాడతారో లేదో తెలుసుకోండి. ఎండ కూడా హేజ్‌కు దోహదం చేస్తుంది కనుక కొన్ని నెలల పాటు బయటకు వెళ్లినప్పుడల్లా అతినీలలోహిత కిరణాలను ఆపే నల్లకళ్లద్దాలు పెట్టుకోవాలి. రాయగడ వారు ఒత్తిడి గురించి చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. లేజర్ తరువాత కార్నియా పలుచబడుతుంది గనుక యంత్రం ఒత్తిడిని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. ఎవరు కొలిచినా మీకు లేజర్ అయిందని ముందే చెప్పండి.

రెండవది, ఇప్పటి పవర్, కార్నియా వంపు కొలతలు ఉన్న కాగితాలను పారేయకండి. ముప్ఫై ఏళ్ల తరువాత శుక్లాలు వచ్చి లోపల లెన్సు వేయవలసినప్పుడు దాని పవర్ లెక్కగట్టడానికి ఆ అంకెలు అక్కరకొస్తాయి. లేజర్ కార్నియాను మారుస్తుంది గానీ సాగిన కంటిగుడ్డును పొట్టి చేయదు. కనుక రెటీనాను ఏడాదికోసారి చుక్కలు వేసి చూపించుకోవడం జోడు పోయినా మానకూడదు. నలభై దాటాక చదువుకు జోడు తప్పదని కూడా ఇప్పుడే ఇంట్లో చెప్పి ఉంచండి, లేకపోతే అప్పుడు ఆపరేషన్ పాడైందంటారు.

మజ్జిగౌరమ్మ గుడి వీధి, రాయగడ

మిల్లు గురించి ఎవరూ అనలేదు. నేను కాగితపు మిల్లు పక్కన ఉండేవాణ్ణి కనుక ధూళి సంగతి తెలుసు. లెన్సు తీసిన తరువాత కూడా కనీసం నెల రోజులు ఊక గదిలోకి వెళ్లకండి. కళ్లు పొడిబారి గరగరలాడతాయి, చేయి దానంతట అదే కంటి మీదికి పోతుంది. నులిమితే కొత్త పొర లేచిపోవచ్చు. కన్నీటి చుక్కలు సరిపడా విశాఖలోనే కొనుక్కోండి, మా ఊళ్లో ఒకసారి అవి దొరకక నాలుగు రోజులు తిరిగాను.

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

ఈ రోజు కౌన్సెలింగ్ వారికి ఫోన్ చేసి, ఎపితీలియం మందం కొలిచారా, మైటోమైసిన్ వాడతారా అని అడిగాను. ఆ అమ్మాయి కాసేపు ఆగి డాక్టరు గారికే ఫోన్ ఇచ్చారు. ఆయన ఓపికగా సమాధానం చెప్పారు. మూడింటికీ వారి దగ్గర లేజర్ యంత్రం ఒక్కటేనట, మందు కూడా వాడతారట. నా కంటికి మామూలు పీఆర్‌కే అయినా తనకు అభ్యంతరం లేదన్నారు. అదే ఖాయం చేసుకున్నాను.

నవంబరు చివర కొత్త ధాన్యం దిగితే మా మిల్లులో కళ్లు తెరవలేనంత ధూళి, ఊపిరి సలపనంత పని. కనుక దసరా కంటే ముందే, సెప్టెంబరు మొదటి వారంలో తేదీ తీసుకున్నాను. ఏడు రోజులు విశాఖలో మా మేనత్త ఇంట్లో ఉంటాను, ఆ తరువాత నెల రోజులు ఆఫీసు గదిలోనే కూర్చునేలా యజమానిని ఒప్పించాను.

జయపురం టీచరు గారూ, మీరు రాసింది చదివాక మా చెల్లెలిని గమనించాను. పందొమ్మిదేళ్లు, ఏడాదిలో రెండుసార్లు సిలిండర్ మారింది, పొద్దస్తమానం కళ్లు నులుముకుంటూనే ఉంటుంది. తనను కూడా వెంట తీసుకెళ్తున్నాను. ముందు ఆ రంగు పటం తీయిస్తాను.